అనాటమీ ప్రాక్టికల్స్: ఎముక ఏ వైపుదో తేలడం లేదు, స్లైడ్లు మసకబారాయి, గుడ్డులో పిండం లేదు

గాజువాక_ఫస్టియర్:

అందరికీ నమస్కారం. బీవీఎస్సీ (పశువైద్య డిగ్రీ) మొదటి సంవత్సరం. సెలవులకి విశాఖ వచ్చాను, ఇల్లు గాజువాకలో. తిరిగి వెళ్ళగానే అనాటమీ ప్రాక్టికల్స్. థియరీ ఫరవాలేదు గానీ చేతికి వస్తువు ఇస్తే మూడు చోట్ల ఆగిపోతున్నాను.

ఒకటి ఎముకలు. ఏ ఎముకో చెప్పగలను. ఎడమదా కుడిదా, ఆవుదా గుర్రానిదా అని అడిగితే తడబడుతున్నాను.

రెండోది హిస్టాలజీ, అంటే కణజాలాన్ని మైక్రోస్కోప్‌లో చదవడం. మా బ్యాచ్ చేసిన హెచ్ అండ్ ఈ (హిమటాక్సిలిన్, ఇయోసిన్ రంగులు వేసిన) స్లైడ్లలో చాలావరకు తెల్లగా మసకబారాయి. కొన్నిటి మీద గోధుమరంగు చుక్కలు కూడా ఉన్నాయి.

మూడోది కోడి పిండం. కిరాణా కొట్లో కొన్న గుడ్లను ఇంక్యుబేటర్‌లో 48 గంటలు ఉంచి పగలగొట్టాం. మామూలు సొన తప్ప ఏమీ కనిపించలేదు.

మా వీధి చివర మటన్ షాపు ఉంది. అక్కడ దొరికేవాటితో ఇంట్లో ఏం ప్రాక్టీస్ చేసుకోవచ్చు? ఫార్మలిన్ (అవయవాలు కుళ్ళకుండా ఉంచే ఫార్మాల్డిహైడ్ ద్రావణం) కొని ఇంట్లో పెట్టుకోవచ్చా?

ఎముకల_బల్ల:

బాబూ, ముందు ఆఖరి ప్రశ్నకి జవాబు: ఫార్మలిన్ ఇంట్లోకి తేవద్దు. మూత తీస్తే చాలు, ఆవిరి గదంతా పట్టేస్తుంది, కళ్ళు, గొంతు మండుతాయి. పైగా ఫార్మాల్డిహైడ్ మనిషికి క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో ఉంది. డిసెక్షన్ హాల్లో వాడటం వేరు. అక్కడ కిటికీలు, ఫ్యాన్లు, గ్లవ్స్ ఉంటాయి. స్పెసిమన్‌ని ముందురోజు రాత్రంతా పారే నీళ్ళలో కడిగి బల్ల మీదకి తెస్తారు. నీ పనికి ఇంట్లో ఫ్రిజ్, ఉప్పునీళ్ళు చాలు.

ఇక ఎముకలు. పొరపాటు ఎక్కడ వస్తుందంటే, బొమ్మలో ఎప్పుడూ ఒకే వైపు ఎముక ఒకే భంగిమలో ఉంటుంది, దాన్నే కళ్ళతో బట్టీ పడతారు. పరీక్షలో అదే ఎముక తలకిందులుగా పెడితే కొత్తదిలా కనిపిస్తుంది. అందుకని ఎముక చేతికి రాగానే మూడు సంగతులు వరసగా తేల్చుకో: పై చివర ఏది, ముందు వైపు ఏది, బయటి వైపు ఏది. ఈ మూడూ తేలితే ఎడమా కుడా అన్నది దానంతట అదే తేలుతుంది.

ఆవు స్కాపులా (జబ్బ ఎముక) తీసుకో. గ్లినాయిడ్ కేవిటీ (కీలు గుంట) కిందికి, స్పైన్ (నిలువు గట్టు) నీకు ఎదురుగా ఉండేలా పట్టుకో. స్పైన్‌కి రెండు పక్కలా ఉన్న ఫాసాల్లో (గుంటల్లో) చిన్నది సుప్రాస్పైనస్. అది ఎటు ఉంటే పశువు తల అటే. చిన్న ఫాసా నీ ఎడమకి ఉంటే నువ్వు చూస్తున్నది పశువు ఎడమ పక్క, కాబట్టి ఎముక ఎడమది. కుక్కలో రెండు ఫాసాలూ దాదాపు సమానం, అక్కడ ఈ కొలత పనికిరాదు. స్పైన్ కింది కొసన ఉండే ఆక్రోమియన్ వంపు, గ్లినాయిడ్ ముందున్న సుప్రాగ్లినాయిడ్ ట్యుబర్కిల్ (బుడిపె) చూడాలి.

ఫీమర్‌కి (తొడ ఎముక) ట్రోక్లియా, అంటే మోకాలి చిప్ప జారే గాడి, నీకు ఎదురుగా, హెడ్ (గుండ్రటి తల) పైకి. హెడ్ నీ ఎడమకి తిరిగి ఉంటే ఎడమ ఎముక. హ్యూమరస్‌ని (ముందు కాలి పై ఎముక) వెనక నుంచి చూడు, అంటే కింది చివర వెనకున్న ఒలెక్రానన్ ఫాసా నీ వైపు ఉండాలి. డెల్టాయిడ్ ట్యుబరాసిటీ (బయటి వైపు గరుకు గట్టు) నీ ఎడమ అంచున ఉంటే ఎడమది. కళ్ళు మూసుకుని వేళ్ళతో తడిమి చెప్పగలిగేదాకా చెయ్యి. ఎగ్జామినర్ ముందు కంగారులో కన్ను మోసం చేస్తుంది, వేలు చెయ్యదు.

జాతి గుర్తుపట్టడానికి ప్రతి ఎముకలోనూ ఒకటి రెండు గట్టి గుర్తులు చాలు. ఆక్రోమియన్ ఆవులో ఉంటుంది, గుర్రంలో ఉండదు. ఫీమర్‌కి బయటి అంచున పెద్ద మూడో ట్రోకాంటర్ (పొడుచుకొచ్చిన భాగం) ఉంటే గుర్రం. హ్యూమరస్ పై చివర ముందువైపు మధ్యలో ఇంకో ట్యుబర్కిల్ ఉండి రెండు గాళ్ళు కనిపిస్తే అదీ గుర్రమే. ఆవు మెటాకార్పల్‌లో (ముందు కాలి మోకాలి కింది ఎముక) మూడోదీ నాలుగోదీ కలిసిపోయి ముందువైపు నిలువు గాడి, కింద రెండు కాండైల్స్ (గుండ్రటి కీలు చివరలు) ఉంటాయి. ముందు కాలిదా వెనక కాలిదా అన్నది ఎక్కువమంది తప్పే చోటు. మెటాకార్పల్ మధ్యలో అడ్డంగా కోసినట్టు ఊహించుకుంటే వెనక చదునుగా, ముందు గుండ్రంగా ఉంటుంది. మెటాటార్సల్ (వెనక కాలిలో దానికి సాటి ఎముక) నాలుగు పలకలుగా, ఇంకాస్త పొడుగ్గా, ముందు గాడి లోతుగా ఉంటుంది. పక్కటెముకలు ఆవుకీ కుక్కకీ 13 జతలు, గుర్రానికి 18. లంబార్ వెర్టిబ్రాలు (నడుము వెన్నుపూసలు) ఆవుకీ గుర్రానికీ 6, కుక్కకి 7.

మటన్ షాపులో పొద్దున్నే వెళ్ళి కాళ్ళు కొట్టించకుండా, జబ్బ ఎముక ముక్కలు చేయకుండా ఇమ్మని అడుగు. తెచ్చాక కండ తీసేసి, వాషింగ్ సోడా ఒక చెంచా వేసిన నీళ్ళలో సన్న సెగ మీద ఉంచు. కుతకుత మరిగిస్తే పై పొర పొట్టులా లేస్తుంది, కొవ్వు ఎముకలోకి ఇంకి తర్వాత పసుపు మరకలవుతుంది. మెత్తబడిన కండ పాత బ్రష్‌తో తీసి, గిన్నెలు తోమే సబ్బు నీళ్ళలో నాలుగు రోజులు నానబెట్టు, రోజూ నీళ్ళు మార్చు. తెలుపు రావాలంటే మందుల షాపు హైడ్రోజన్ పెరాక్సైడ్‌ని 3 శాతానికి పల్చన చేసి ఒక రోజు ఉంచితే చాలు. బ్లీచింగ్ పౌడర్ వద్దు, అది ఎముకనే తినేస్తుంది.

ఇక్కడ ఒకటి చూసి భయపడొద్దు. షాపుకి వచ్చేవి లేత జీవాలు కాబట్టి పొడుగు ఎముకల చివరలు టోపీల్లా ఊడి వస్తాయి. అవి విరగలేదు. అవి ఎపిఫైసిస్‌లు, మధ్యలో ఉన్న గ్రోత్ ప్లేట్ కార్టిలేజ్ ఉడికి కరిగిపోయింది. ఊడిన ముఖం మీద ఎత్తుపల్లాలు చూస్తే గ్రోత్ ప్లేట్ అంటే ఏమిటో తెలుస్తుంది. ఒక్కో కాలినీ విడి గుడ్డసంచిలో కట్టి ఉడికించు, లేకపోతే ఏ చివర ఏ ఎముకదో తేలదు.

ఇంకో సంగతి, మటన్ అన్నంత మాత్రాన మేకే కాదు. కాలి రెండు గిట్టల మధ్య, కాస్త పైన, ముందువైపు చిన్న రంధ్రం ఉండి నొక్కితే మైనం లాంటిది వస్తే గొర్రె. మేకలో ఆ గ్రంథి మామూలుగా ఉండదు. తలకాయ దొరికితే కంటి ముందు లాక్రిమల్ ఎముక మీద చూడు. గొర్రెకి అక్కడ గుంట ఉంటుంది, మేకకి ఉండదు.

గాజువాక_ఫస్టియర్:

చాలా ఉపయోగం మేడమ్. అవయవాల్లో ఏదైనా ఒకటే తెచ్చుకోవాలంటే ఏది తేవాలి?

ఎముకల_బల్ల:

గుండె. గాటు పెట్టొద్దని, పైన రక్తనాళాలు రెండు వేళ్ళ పొడవు వదలమని ముందే చెప్పు. లేకపోతే అలవాటు కొద్దీ నిలువునా కోసి కడిగి ఇస్తారు. ఇంట్లో గ్లవ్స్ వేసుకో, వంటింటి కత్తి, పీట వాడకు. గడ్డకట్టిన రక్తం చన్నీళ్ళతో కడిగి, ఉప్పునీళ్ళలో ఒక రాత్రి ఫ్రిజ్‌లో ఉంచితే కాస్త గట్టిపడుతుంది, కోయడం తేలిక.

కత్తెర పట్టే ముందు చేతిలో పట్టుకుని నొక్కి చూడు. మెత్తగా లోపలికి పోయేది కుడి వెంట్రికల్ (కింది గది), గట్టిగా ఎదురు తిరిగేది ఎడమది. రెండు ఆరికల్స్ (పై గదుల చెవుల్లాంటి సంచులు) కొసలూ కనిపించే ముఖమే ఎడమ ముఖం. అక్కడ కొవ్వు కింద ఏటవాలుగా దిగే గాడి పారాకోనల్ గ్రూవ్. పల్మనరీ ట్రంక్‌లో (ఊపిరితిత్తులకి వెళ్ళే పెద్ద నాళం) కత్తెర మొన పెట్టి, ఆ గాడికి వేలెడు దూరంలో కుడి వెంట్రికల్ గోడ మీదుగా కిందికి దిగు. గాడి మీదే కోస్తే సెప్టమ్‌లోకి (మధ్య గోడ) పోతావు. గాడి చివర నుంచి వెనక్కి తిరిగి కుడి ఏట్రియంలోకి (పై గది) వెళ్ళు. తలుపులా తెరిచే ముందు లోపలికి చూడు, సెప్టమ్ నుంచి బయటి గోడకి వెళ్ళే తాడులాంటి కండ ఉంటుంది. అదే మోడరేటర్ బ్యాండ్. తొందరపడి గుంజితే తెగుతుంది, వైవాలో అడిగేదీ అదే. రెండు ఏట్రియాల మధ్య గోడలో పల్చటి గుంట ఫాసా ఓవాలిస్. ఎడమ వైపు ఆరికల్ నుంచి అంచు మీదుగా కొసదాకా కోసి, రెండు గోడల మందం పక్కపక్కన పెట్టి చూడు. అయోర్టా (ఒంటికి రక్తం తీసుకెళ్ళే పెద్ద ధమని) తెరిస్తే సెమీలూనార్ వాల్వ్ పైన గుండె కండకి రక్తమిచ్చే కరోనరీ రంధ్రాలు దొరుకుతాయి. పల్మనరీ ట్రంక్‌కీ అయోర్టాకీ మధ్య తెల్లటి గట్టి నరంలాంటిది వేలికి తగిలితే అది లిగమెంటమ్ ఆర్టీరియోసమ్.

మైక్రోటోమ్_మనిషి:

స్లైడ్ల సంగతి నేను చెబుతాను. తెల్ల మసక అంటే నీళ్ళు. రంగు వేశాక స్లైడ్‌ని ఆల్కహాల్‌తో తేమ తీసి జైలీన్‌లో ముంచుతాం, జైలీన్‌లో నీళ్ళు కలవవు. సెక్షన్‌లో ఏమాత్రం తేమ మిగిలినా మసక వస్తుంది. విశాఖ గాలిలో తేమకి మూత తీసిన అబ్సల్యూట్ ఆల్కహాల్ సీసా తొందరగానే నీళ్ళు పీల్చేస్తుంది. లేబుల్ మీద 100 శాతమే ఉంటుంది, జార్‌లో మాత్రం ఉండదు. ఆఖరి ఆల్కహాల్ జార్ అడుగున అన్‌హైడ్రస్ కాపర్ సల్ఫేట్ ఒక పొర వేసి దాని మీద ఫిల్టర్ పేపర్ పరచండి. తెల్లటి పొడి నీలంగా మారితే ఆల్కహాల్ మార్చాలి. జార్‌లోంచి కొన్ని చుక్కలు జైలీన్‌లో వేసి చూసినా తెలుస్తుంది, తెల్లబడితే అందులో నీళ్ళున్నట్టే.

పాడైన స్లైడ్లు పారేయొద్దు. ఇంకా మౌంట్ చేయకపోతే వెనక్కి అబ్సల్యూట్‌లో రెండు మార్పులు, మళ్ళీ కొత్త జైలీన్. డీపీఎక్స్ (కవర్‌స్లిప్ అతికించే జిగురు) పెట్టేసి ఉంటే జైలీన్‌లో నిలబెట్టి, కవర్‌స్లిప్ తనంతట జారేదాకా ఆగండి. ఒకటి రెండు రోజులు పట్టొచ్చు. గోటితో లేపితే సెక్షన్ చిరుగుతుంది. తేమ పోగొట్టే క్రమంలో ఇయోసిన్ వెలిసిపోతే దాన్నొక్కదాన్నే మళ్ళీ వేయొచ్చు.

గోధుమ చుక్కలు రెండు రకాలు, కలపొద్దు. సెక్షన్ మీద న్యూక్లియస్‌లు మెరుస్తూ నల్లగా, గోధుమగా కనిపిస్తే అది గాలి. జైలీన్ నుంచి తీసి డీపీఎక్స్ వేసేలోగా స్లైడ్ ఆరిపోయింది. సీలింగ్ ఫ్యాన్ ఆపి, ఒక్కో స్లైడ్ తీసి ఒక్కోటి మౌంట్ చేయండి. అలా కాకుండా రక్తం ఉన్నచోట్ల మాత్రమే సన్నటి నల్లటి రవ్వలుంటే అది ఫార్మలిన్ పిగ్మెంట్, ఫిక్సేటివ్ (ముక్క కుళ్ళకుండా గట్టిపరిచే ద్రవం) ఆమ్లంగా మారినందువల్ల వస్తుంది. ఆల్కహాల్‌లో సాచురేటెడ్ చేసిన పిక్రిక్ ఆసిడ్‌తో పోతుంది. అసలు రాకుండా ఉండాలంటే బఫర్డ్ ఫార్మలిన్ వాడాలి: 900 మి.లీ. డిస్టిల్డ్ వాటర్, 100 మి.లీ. కమర్షియల్ ఫార్మలిన్, 4 గ్రా. సోడియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ మోనోహైడ్రేట్, 6.5 గ్రా. అన్‌హైడ్రస్ డైసోడియం ఫాస్ఫేట్. ముక్క మందం 5 మి.మీ. దాటకూడదు, ద్రవం ముక్కకి కనీసం పది రెట్లు, 24 నుంచి 48 గంటలు. లావు ముక్క వేస్తే బయట గట్టిపడి మధ్యలో కుళ్ళుతుంది. మన ఎండలకి పేగు అన్నిటికన్నా ముందు పోతుంది, విల్లై (పేగు లోపలి వేళ్ళలాంటి మొనలు) పై పొర ఊడిపోతుంది. కాబట్టి పేగు కావాలంటే కోసిన పది నిమిషాల్లో సీసాలో పడాలి. ఫ్రీజర్‌లో పెట్టిన ముక్క అసలు పనికిరాదు, ఐస్ స్ఫటికాలు చేసిన రంధ్రాలే కనిపిస్తాయి.

చదివేటప్పుడు 4 ఎక్స్‌తో మొదలుపెట్టు. అందరూ నేరుగా 40కి పోతారు, అక్కడ అన్నీ ఒకేలా కనిపిస్తాయి. స్ప్లీన్, లింఫ్ నోడ్, థైమస్ తక్కువ పవర్‌లోనే విడిపోతాయి. కాప్సూల్ కింద సైనస్, కార్టెక్స్, మెడుల్లా ఉంటే లింఫ్ నోడ్. కార్టెక్స్ మెడుల్లా భేదం లేకుండా, లావు ట్రబెక్యులాలు (లోపలికి దిగే పట్టీలు), నాడ్యూల్‌లో ఓ పక్కకి ఆర్టరీ ఉంటే స్ప్లీన్. లాబ్యూల్స్ ఉండి ఫాలికల్స్ లేకుండా, మెడుల్లాలో హాసల్ కార్పసుల్స్ (కణాలు చుట్టలు చుట్టుకున్న గుండ్రటి గుంపులు) ఉంటే థైమస్. పంది లింఫ్ నోడ్‌లో ఫాలికల్స్ లోపలా, మెడుల్లా లాంటి భాగం బయటా ఉంటాయి. ఆ స్లైడ్ పెట్టి పిల్లల్ని తికమక పెట్టే ఎగ్జామినర్లు ఉంటారు.

నెమరువేసే జీవాల ముందు పొట్టలు మూడింటికీ పై పొర ఒకటే, కెరటినైజ్డ్ స్ట్రాటిఫైడ్ స్క్వామస్ (చదును కణాలు పొరలు పొరలుగా పేరి పైన గట్టిపడినది). తేడా అంతా మస్క్యులారిస్ మ్యుకోసాలో (లోపలి పొరలోని సన్న కండ పట్టీ) ఉంది. రూమెన్ పాపిల్లాలో అది ఉండదు. రెటిక్యులమ్‌లో మడత పైకొసన మాత్రమే ఒక కట్టగా ఉంటుంది. ఒమేసమ్ ఆకులో రెండు పక్కలా ఉంటుంది, పైగా నడుమ మస్క్యులారిస్ (గోడ అసలు కండ) లోపలి పొర పైకి దూరి మొత్తం మూడు పట్టీలు కనిపిస్తాయి. ఈ ఒక్క పాయింట్ పట్టుకుంటే ఆ మూడు స్లైడ్లూ పోవు.

గుండె ఎలాగూ తెస్తున్నావు కాబట్టి, కాలేజీకి వెళ్ళాక తాజా గొర్రె గుండె నుంచి మోడరేటర్ బ్యాండ్ ముక్క ఫిక్స్ చేయమని అడుగు. ఎండోకార్డియమ్ కింద మామూలు కండ కణాలకన్నా లావుగా, లేతగా ఉండేవి పర్కింజి ఫైబర్స్ (గుండె కొట్టుకునే సంకేతాన్ని మోసేవి). గొర్రెలో అవి చాలా స్పష్టంగా కనిపిస్తాయి.

పిండం_48గం:

గుడ్ల విషయానికొస్తే, కొట్లో అమ్మేవి కేజ్ లేయర్ (బోనుల్లో గుడ్ల కోసమే పెంచే) కోళ్ళవి. అక్కడ పుంజు ఉండదు, కాబట్టి ఆ గుడ్లలో ఫలదీకరణే జరగదు. ఎన్ని రోజులు పెట్టినా సొన సొనగానే ఉంటుంది. పగలగొట్టి చూస్తే సొన మీద తెల్లటి చుక్క చిన్నగా, అంచు చెదిరి ఉంటే ఫలదీకరణ కానిది. గుండ్రంగా, లేత మధ్యభాగం చుట్టూ తెల్లటి వలయంతో 4 మి.మీ. దాకా ఉంటే ఫలదీకరణ అయినది. లేతగా ఉన్నది ఏరియా పెల్లుసిడా, వలయం ఏరియా ఒపాకా.

సబ్బవరం, పెందుర్తి వైపు పల్లెల్లో పుంజుతో కలిపి నాటు కోళ్ళు పెంచేవాళ్ళ దగ్గర గుడ్లు తీసుకోండి. తెచ్చినవాటిని బయట గదిలో ఉంచొద్దు. సుమారు 21 డిగ్రీల పైన ఉంటే పెరుగుదల నెమ్మదిగా మొదలైపోతుంది. విశాఖలో గది వేడి ఏడాదిలో ఎక్కువ నెలలు దానికి చాలా పైనే. అలా సగం సగం పెరిగిన పిండాలు చచ్చిపోవడమో, వంకర తిరగడమో జరుగుతుంది. 15 నుంచి 18 డిగ్రీల దగ్గర ఉంచి వారంలోపు వాడాలి. మామూలు ఫ్రిజ్ వేడి మరీ తక్కువ.

ఇంక్యుబేటర్ 37.5 డిగ్రీలు, తేమ 55 నుంచి 60 శాతం. గుడ్డు అడ్డంగా పడుకోబెట్టి పైవైపు పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. పిండం ఎప్పుడూ పైకే తేలుతుంది. కాసేపు కరెంట్ పోతే కంగారు లేదు, పెరుగుదల ఆలస్యమవుతుందంతే. తిరిగి వచ్చాక థర్మోస్టాట్ ఎగబాకి 40 దాటితేనే ప్రమాదం.

తీసే పద్ధతి: గిన్నెలో 37 డిగ్రీల దగ్గర 0.75 శాతం ఉప్పునీళ్ళు. గుర్తు పైకే ఉంచి, పెంకు కింది వైపు గిన్నె అంచుకి తట్టి, నీళ్ళలో మునిగినట్టు విప్పండి. పిండం చుట్టూ ఉన్న చిక్కటి తెల్లసొనని టిష్యూతో తుడవాలి, చాలామంది వదిలేసే మెట్టు ఇదే. తుడవకపోతే ఫిల్టర్ పేపర్ రింగ్ అతుక్కోదు. రింగ్ రంధ్రంలో పిండం పడేలా పెట్టి, రింగ్ బయటి అంచు వెంట సన్న కత్తెరతో చుట్టూ కోసి, ఒక పక్క నుంచి ఏటవాలుగా లేపండి. నిలువుగా ఎత్తితే సొన బరువుకి పొర చిరుగుతుంది. వేరే ఉప్పునీళ్ళలో ఊపితే అంటుకున్న సొన పోతుంది. ఫిక్స్ చేయడానికి బువాన్ ద్రావణం: సాచురేటెడ్ పిక్రిక్ ఆసిడ్ 75, ఫార్మలిన్ 25, గ్లేసియల్ అసిటిక్ ఆసిడ్ 5 మి.లీ. పిక్రిక్ ఆసిడ్ ఎండిపోతే పేలుతుంది, సీసా ఎప్పుడూ తడిగా ఉండాలి. ఇదంతా డిపార్ట్‌మెంట్‌లో టీచర్ ముందు చేసే పని, ఇంట్లో కాదు.

వయసు గంటల్లో రాయకండి, సోమైట్లు (వెన్ను వెంట రెండు పక్కలా జతలుగా ఏర్పడే దిమ్మలు) లెక్కపెట్టండి. అదే గంటలకి రెండు గుడ్లు వేరే దశలో ఉంటాయి. కోడి పిండానికి హాంబర్గర్, హామిల్టన్ 1951లో ఇచ్చిన 46 దశల పట్టికలో ఈ మొదటి రోజుల దశల్లో చాలావాటిని సోమైట్ల లెక్కతోనే గుర్తిస్తారు. 18 గంటలకి ప్రిమిటివ్ స్ట్రీక్ (పిండం నడి గీత) పూర్తిగా కనిపిస్తుంది. 33 గంటల దగ్గర సుమారు 10 సోమైట్లు, గుండె గొట్టం కుడి పక్కకి ఉబ్బుతుంది, కొట్టుకోవడం మొదలయ్యేదీ ఆ చుట్టుపక్కలే. 48 గంటలకి తల వంగి, పక్కకి తిరిగి ఎడమ చెంప సొనకి ఆనుతుంది. 72కి కాళ్ళ, రెక్కల మొగ్గలు. కుడికి ఉబ్బిన ఆ గొట్టమే మీరు ఉప్పునీళ్ళలో పెట్టిన గుండెకి మొదలు.

భీమిలి_పశువైద్యం:

పై మూడు జవాబులకీ ఒక మాట కలుపుతాను తమ్ముడూ. మటన్ షాపు గుండెలో చూసే ఫాసా ఓవాలిస్ పిండంలో తెరిచి ఉన్న ఫోరామెన్ ఓవాలే. లిగమెంటమ్ ఆర్టీరియోసమ్ ఒకప్పటి డక్టస్ ఆర్టీరియోసస్, పిండంలో పల్మనరీ ట్రంక్‌ని అయోర్టాకి కలిపే నాళం. పాలు మాన్పించి అన్నం పెట్టగానే కుక్కపిల్ల తిన్నది తిన్నట్టు వెనక్కి కక్కుతుంటే ముందుగా అనుమానించాల్సింది పర్సిస్టెంట్ రైట్ అయోర్టిక్ ఆర్చ్. మామూలుగా పిండంలో ఎడమ నాలుగో ఆర్చ్ (వంపు తిరిగిన నాళం) అయోర్టా వంపు అవుతుంది, ఇక్కడ కుడిది అయింది. అప్పుడు కుడిన అయోర్టా, ఎడమన నువ్వు వేలితో తడిమిన ఆ తెల్ల లిగమెంట్, కింద గుండె మొదలు, వీటి మధ్య ఈసోఫేగస్ (అన్నవాహిక) ఉచ్చులో పడుతుంది. పాలు జారతాయి, ముద్ద జారదు. సర్జరీలో కోసేది ఆ లిగమెంట్‌నే. ఎడమ రికరెంట్ లారింజియల్ నరం (స్వరపేటికకి వెళ్ళేది) అంత దూరం దిగి అయోర్టా కిందుగా ఎందుకు తిరుగుతుందో కూడా ఆర్చ్‌లు చదివితేనే అర్థమవుతుంది.

ఆవు ఈనాక మాయ పడకపోతే చెయ్యి పెట్టేదీ ఈ పాఠం మీదే. గర్భాశయం వైపుది కరంకిల్, మాయ వైపుది కోటిలిడన్, రెండూ కలిస్తే ప్లాసెంటోమ్, ఆవులో 75 నుంచి 120 దాకా. ఆవు కరంకిల్ ఉబ్బెత్తుగా, గొర్రెలో గుంటగా ఉంటుంది. గట్టిగా లాగితే కరంకిల్ తెగి రక్తం పోతుంది. ఆడా మగా కవలల్లో ఆడదూడ పదింట తొమ్మిదికి పైగా గొడ్డుదవుతుంది. మాయ రక్తనాళాలు కలిసిపోయి మగపిండం ప్రభావం ఆడదానికి చేరుతుంది. దూడప్పుడే యోనిలో నునుపైన సన్న గొట్టం పెట్టి చూస్తే లోతు బాగా తక్కువగా తేలుతుంది. రైతు రెండేళ్ళు మేపి చూలు కట్టలేదని వచ్చేదాకా ఆగక్కర్లేదు.

గాజువాక_ఫస్టియర్:

అందరికీ ధన్యవాదాలు. రేపు పొద్దున్నే షాపుకి వెళ్తాను. ఒక్క సందేహం: ఉప్పునీళ్ళలో పెట్టిన గుండె ఎన్నాళ్ళు ఉంటుంది?

ఎముకల_బల్ల:

ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులు, రోజూ నీళ్ళు మార్చాలి. వాసన మొదలైతే కవర్‌లో కట్టి పారెయ్యి. వీధి కుక్కలకి వెయ్యొద్దు, పచ్చి మాంసంతో పరాన్నజీవులు పాకుతాయి. అదే షాపులో ఊపిరితిత్తుల మీదో కాలేయం మీదో నీటితిత్తులు కనిపిస్తే అవి హైడాటిడ్ సిస్టులు కావచ్చు, పొడవకుండా చూసి వదిలెయ్యి.